తువ్వాలు కింద చేయి

పుంగనూరు సంతలో పశువుల బేరాలు చేసే జిలాన్ సాబ్ కరువు కాలంలో భూముల దళారి అయ్యాడు. భుజం మీది ఎర్ర తువ్వాలు మాత్రం మారలేదు. దాని కింద అమ్మేవాడు ఎన్ని వేళ్ళు అందిస్తే అదే ధర. నలుగురిలో నోటితో చెప్పించడు.

ఆ రోజు పెద్దపంజాణి ఊరి దాసప్ప మిగిలిన ఒక్క ఎకరమూ అమ్మడానికి వచ్చాడు. తువ్వాలు కింద అతని పిడికిలి బిగిసే ఉంది.

"వేళ్ళియ్యప్పా," అన్నాడు జిలాన్ మెల్లగా.

"నాకు సెయ్యి రాలేదు సాబూ. నీకు న్యాయమనిపించినన్ని నువ్వే ఇప్పు."

పొద్దున కొనేవాడు తన చెవిలో చెప్పిన తక్కువ ధరకు సరిపడా వేళ్ళే దాసప్ప పిడికిలిలోంచి విప్పాడు జిలాన్.

తర్వాత టీ కొట్టు దగ్గర పెద్దన్న అనే రైతు అడిగాడు. "నేనూ దళారీ సేద్దామనుకుంటాండాను సాబూ. లైసెన్సేమన్నా కావాల్నా?"

జిలాన్ చేతిని తువ్వాలుకు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"ఏమీ వద్దప్పా. ఎవురైనా సెయ్యొచ్చు."