అల్లుడి చేతి వాచీ

ఈ భూమ్మీద రెండు గుండెలున్న మనిషి మా తాత ఒక్కడే. నమ్మనివాళ్లు వచ్చి లెక్కపెట్టుకోవచ్చు. ఒకటి అందరికీ ఉన్నచోటే, బొత్తాం ఊడిన చొక్కా జేబు వెనకాల ఉంటుంది. రెండోది ఆయన పనిచేసే గదిలో, కిటికీ పక్కన నిలబడి ఉంటుంది. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినదాన్ని కాబట్టి ఇంతకన్నా సైన్సు నాకు రాదు.

తాతది బొమ్మల పని. పిల్లలాడుకునే బొమ్మలు కాదు. బట్టల షాపుల్లో అద్దాల వెనక చొక్కాలూ కోట్లూ తొడుక్కుని నిలబడేవి. వేలు విరిగినవి, ముక్కు పగిలినవి, నడుం సడలి ఒక పక్కకు వాలిపోయినవి వ్యాన్లలో తాత దగ్గరికి వస్తాయి. పగిలినచోట లప్పం పెట్టి, ఆరాక ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, ఒంటి రంగు కొట్టి పంపిస్తాడు. నలభై రెండేళ్లుగా ఇదే పని. గదిలో ఒక తీగ మీద చేతులు వరసగా వేలాడుతుంటాయి. కాళ్లు ఒక మూల కట్టగట్టి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు గుమ్మంలోనే ఆగిపోయి, "లోపల ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. లోపల ముప్ఫైమంది వాళ్ల వంకే చూస్తూ ఉంటారు మరి.

కళ్లు మాత్రం తాత ఆఖర్న వేస్తాడు. "ముందే వేస్తే పని చేస్తున్నంతసేపూ చూస్తూ కూర్చుంటాయే. దానికి ఇంట్లో మీ నాయనమ్మ చాలదూ?" అనేవాడు. నాయనమ్మ పోయాక ఆ మాట మానేశాడు. కళ్లు మాత్రం ఇప్పటికీ ఆఖర్నే.

ఆ గుంపులో ఒకడి పేరు అల్లుడు. మూడేళ్ల క్రితం ఎవరో మరమ్మతుకి ఇచ్చి, షాపు మూసేసి, మళ్లీ రాలేదు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న బొమ్మ. ముఖం మీద పాత రంగు గీకేసి ఉంది, కళ్లు లేవు. ఏ పనీ చెయ్యకుండా నిటారుగా నిలబడి ఉంటాడని తాతే ఆ పేరు పెట్టాడు. అసలు అల్లుడు, అంటే మా అత్త మొగుడు, ఆ సంగతి తెలిసి రెండు నెలలు మా గడప తొక్కలేదు. "చూశావా, వీడే నయం. అలగడు" అన్నాడు తాత.

పోయిన చలికాలంలో తాత మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. పెదాలు నల్లబడ్డాయి. "అలసట కాదే, ఆలోచిస్తున్నా" అన్నాడు. ఆ విషయం అత్తకు చెప్పింది నేనే. అత్త రక్తపరీక్షల లాబ్‌లో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. మనిషి చెప్పింది నమ్మదు, కాగితం మీద అంకె ఉంటే నమ్ముతుంది. మర్నాడే సిమ్ కార్డున్న ఒక స్మార్ట్ వాచీ కొనుక్కొచ్చి తాత చేతికి కట్టింది.

"నాన్నా, ఇది నీ గుండె ఎంత కొట్టుకుంటోందో నా ఫోనుకి చెప్తుంది. ఆ అంకె రోజూ కనబడాలి. ఒక్కరోజు కనబడకపోయినా ఈ గదికి తాళం వేసి నిన్ను మా ఇంటికి తీసుకుపోతా."

అత్తవాళ్లది మూడో అంతస్తు. తాతకు ఇస్తానన్న గది కిటికీలోంచి ఇంకొకళ్ల కిటికీ కనబడుతుంది, అంతే. "అక్కడ నేను నెల కూడా బతకను" అన్నాడు తాత, అత్త వెళ్లాక. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

చిక్కేమిటంటే, తాత చేతి మీద వాచీకి ఏమీ దొరకలేదు. అంకె ఉండాల్సిన చోట రెండు అడ్డగీతలు వచ్చేవి. ఏళ్ల తరబడి రంగూ లప్పం పట్టి ఆయన మణికట్టు అట్టలా అయిపోయింది. కిరసనాయిలుతో తుడిచాం, సబ్బుతో తోమాం, పట్టీ బిగించాం, చెయ్యి మార్చాం. గీతలే.

సాయంత్రం అత్త ఫోను చేసింది. "నాన్నా, నీ గుండె కనబడటం లేదు."

"లోపల ఉంటుంది కదమ్మా. బయటికెందుకు కనబడుతుంది?"

"రేపు కూడా కనబడకపోతే తాళం తెస్తా."

నేను చేసిన కోతిపని ఇక్కడ మొదలైంది. తాత చేతినుంచి వాచీ తీసి, ఊరికే నవ్వించడానికి, అల్లుడి చేతికి కట్టాను. వాచీ అడుగున పచ్చ దీపం మిణుకుమిణుకుమంది. గీతలు పోయాయి. డెబ్బై రెండు.

ఇద్దరం ఆ అంకె వంక చాలాసేపు చూశాం. ఫోన్లు బాగుచేసే అన్నను అడిగితే తేలిగ్గా తీసేశాడు. "ఆ దీపం వెలుగు రంగు మీద పడి తిరిగొస్తుంది, వాచీ అదే గుండె అనుకుంటుంది. ఏ వస్తువుకు కట్టినా వస్తుందమ్మా." నేను తిరిగొచ్చి గదిలో ఉన్న ముప్ఫైమందికీ కట్టి చూశాను. తీగ మీది చేతులకు కూడా కట్టాను. ఎవరికీ రాలేదు. అల్లుడికే వచ్చింది.

నాలుగైదు నెలలు హాయిగా గడిచాయి. "నాన్నా, నీ గుండె కుర్రాళ్ల గుండెలా ఉంది. కానీ రోజంతా ఒక్క అడుగైనా వెయ్యవేం?" అని అత్త గోల పెడితే, రోజూ సాయంత్రం నేనే అల్లుడి చెయ్యి పట్టుకుని ఊపేదాన్ని. మూడువేల అడుగులు. నా భుజం వాచింది గానీ తాత ఆరోగ్యం బ్రహ్మాండంగా ఉండేది.

ఒకరోజు తాత ఒక బొమ్మ మోకాలు రుద్దుతూ దుమ్ముకు దగ్గాడు. ఆగకుండా దగ్గాడు. నేను అప్పుడు అల్లుడి పక్కనే ఉన్నాను. డెబ్బై రెండు కాస్తా ఎనభై అయింది, తొంభై అయింది, నూట పదికి వెళ్లింది. తాత నీళ్లు తాగి కూర్చున్నాడు. అంకె మెల్లగా దిగింది. మధ్యాహ్నం అన్నం తిని తాత చాప మీద కునుకు తీస్తే యాభై ఎనిమిది. లేచి బల్ల దగ్గరికి నడిస్తే ఎనభై. వారం రోజులు గమనించి ఆయనకు చెప్పాను.

"అటు చూడకు" అన్నాడు తాత.

"చూడకపోతే ఆగుతుందా?"

"చూడకు అన్నానా!"

ఆ రోజునుంచి తాత అల్లుడికి వీపు చూపించి పని చెయ్యడం మానేశాడు. బల్ల తిప్పి వేసుకున్నాడు. తర్వాతి నెలలో, నాలుగు వీధుల అవతల కొత్తగా తెరిచే బట్టల షాపాయన ఒక మగ బొమ్మ కావాలని వస్తే, అడక్కుండానే అల్లుణ్ణి చూపించాడు. "వాచీ దేనికి కడతాం తాతా?" అని నేను గొణిగాను. "వేరేది చూద్దాంలే. ముందు వీణ్ణి పంపించెయ్యాలి" అన్నాడు. పొద్దున్నే ముఖానికి రంగు కొట్టి, కళ్లు వేశాడు.

నేను రంగులో కలిపే థిన్నర్ తేవడానికి వెళ్లొచ్చేసరికి కిటికీ పక్కన ఖాళీగా ఉంది. నేల మీద రెండు పాదాల మేర దుమ్ము లేదు.

"వాచీ ఏది?"

తాత బల్ల వంక చూశాడు, నా వంక చూశాడు. "వాళ్లు చొక్కా కొలత చూస్తామని ఇక్కడే తొడిగారే. పొడుగు చేతుల చొక్కా. దాని కింద ఉండిపోయింది. మీ అత్త చూసేలోగా పట్టుకురా, పో."

వెళ్లాను. అల్లుడు అద్దం వెనక నీలం చొక్కాలో నిలబడి ఉన్నాడు. కొత్త కళ్లు. వీధి మొత్తం వదిలేసి మా గది ఉన్న వైపే చూస్తున్నాడు. షాపాయనకు చెప్పి లోపలికి వెళ్లి చొక్కా చెయ్యి పైకి లాగాను. నూట ముప్ఫై ఒకటి.

తాత దగ్గుతున్నాడు అనుకున్నాను. అంకె దిగడం మొదలైంది. తొంభై. అరవై నాలుగు. యాభై రెండు. ఈసారి మెల్లగా దిగలేదు. నా ఫోను మోగింది.

"నాన్న పక్కనే ఉన్నావా? ఏమవుతోందే అక్కడ?" అంది అత్త.

ఫోన్ల అన్న మాట గుర్తొచ్చింది. వెలుగు రంగు మీద పడి తిరిగొస్తుంది, అంతే. నేను పట్టుకుని ఉన్నది అట్టముక్కలాంటి చెయ్యి. "పక్కనే ఉన్నాను, బాగానే ఉన్నాడు" అంటే గది నిలబడుతుంది. నిజం చెప్తే రేపే తాళం. తాత నెల కూడా బతకనన్నాడు. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అప్పుడు అంకె ముప్ఫై తొమ్మిది అయింది.

"అత్తా, వాచీ తాత చేతికి లేదు. షాపులో బొమ్మ చేతికి ఉంది. ఆర్నెల్లుగా దానికే ఉంది. అయినా సరే, నువ్వు గదికి అంబులెన్సు పంపు."

"పంపుతున్నా. పరిగెత్తు" అంది అత్త.

నేను వెళ్లేసరికి తాత రంగు డబ్బాలకు వీపు ఆనించి నేల మీద కూర్చుని ఉన్నాడు. పిడికిట్లో ఉప్పు కాగితం నలిగిపోయి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, కిటికీ పక్క ఖాళీ జాగా వైపు. పిలిస్తే పలకలేదు. చుట్టూ ఉన్నవాళ్లందరూ ఎప్పటిలాగే నిలబడి చూస్తున్నారు. ఆ గదిలో భయపడి ఏడవడం అదే మొదటిసారి నాకు.

ఆసుపత్రిలో గుండె నాళం మూసుకుపోయిందని చెప్పి తెరిచారు. ఇంకాస్త ఆలస్యమైతే అనే మాట డాక్టరు సగంలోనే ఆపేశాడు. ఆ సాయంత్రం అత్త వాచీ తేవడానికి షాపుకు వెళ్లి, బొమ్మతో సహా తిరిగొచ్చింది. తాత మంచం పక్క మిషను మీద అరవై ఆరు ఉన్న నిమిషంలో తన ఫోనులోనూ అరవై ఆరే ఉందని చెప్పింది. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత నాతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు.

తాళం మాత్రం పడలేదు. గది ఇప్పుడు పొద్దుటిపూట తెరుస్తున్నాం. దుమ్ము పని నాది, కళ్ల పని తాతది. అల్లుడు తన చోటే నిలబడ్డాడు, చేతికి వాచీతో. అత్త రోజుకు రెండుసార్లు ఫోను చేసి ముందు వాడి సంగతే అడుగుతుంది. "అసలు అల్లుణ్ణి నన్ను అడిగే దిక్కు లేదు" అని మామ ఒకటే గొణుగుడు. రోజూ ముప్పావుగంట వాచీ తీసి ఛార్జింగ్ పెట్టాలి. అంతసేపూ తాత పని ఆపి, చేతులు ఒళ్లో పెట్టుకుని, కుర్చీలో కదలకుండా కూర్చుంటాడు. ఎందుకని నేను అడగను.

ఇది రాసి ఆయనకు మొదటి వాక్యం చదివి వినిపించాను, మెచ్చుకుంటాడని. తాత చేతిలో కుంచె ఆపలేదు.

"రెండెక్కడివే? ఉన్నది ఒకటే. వాడి మీద దుమ్ము పడుతోంది, తుడువు."