తీతువు చూపిన చోటు

డిగ్రీ చదువుతూ పక్షులు చూడటం మొదలుపెట్టిన కొత్తలో జరిగింది. కోడేరు దగ్గర మహబూబ్ చాచా చెలకలో తీతువు పిట్ట నేల మీద పెట్టిన నాలుగు గుడ్లు చూశాను. పక్షుల యాప్‌లో చోటు రాయమంటే ఘనంగా ‘కోడేరు మండలం’ అని రాశాను.

రెండు రోజుల తర్వాత వెళ్లేసరికి చాచా దున్నడానికి ట్రాక్టర్ ఎక్కి ఉన్నాడు. గుడ్లున్నాయి, ఆగమని అరిచాను.

“ఏడున్నయిరా?”

“ఈ చెల్కలనే, చాచా.”

“చెల్క నాలుగెకరాలుంది బేటా. జర సూపియ్యి.”

చూపించలేకపోయాను. ఆ గుడ్లు అచ్చం గులకరాళ్లలా ఉంటాయి. చెలకలో రాళ్లకు కరువు లేదు. నేనే తొక్కేస్తానేమోనని ఒంటికాలి మీద నిలబడ్డాను.

“వానొచ్చేటట్టుంది, నువ్వు గట్లనే నిలబడు,” అంటూ చాచా బండిని మెల్లగా కదిలించాడు.

కాస్త దూరం పోయిందో లేదో, ముందు చక్రానికి ఎదురుగా తీతువు రెక్కలు విప్పి నిలబడింది. జానెడు పిట్ట. అంత ట్రాక్టర్ మీదికొస్తున్నా కదల్లేదు. చాచా ఇంజన్ ఆపేశాడు. దాని కాళ్ల మధ్యే నాలుగు గుడ్లు!

చాచా అక్కడ మంచమంత జాగా వదిలి దున్నాడు. “ఇగ ఫోన్ల సక్కగ రాస్కో. రేపు నువ్వే తొక్కుతవ్,” అన్నాడు.

ఇప్పుడు ఏ పిట్టను చూసినా అక్కడే నిలబడి, అడుగు తేడా రాకుండా చోటు రాసుకుంటాను. రాస్తున్నంతసేపూ ఆ విప్పిన రెక్కలే కళ్ల ముందుంటాయి.