పోలయ్య గేలం వేసే చోటు

పోలయ్యకు అరవై ఎనిమిదేళ్లు. అందులో యాభై ఏడేళ్లు భావనపాడు సముద్రం మీదే గడిచాయి. ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరైనా ఏదైనా అడిగారంటే, అది చేప ఎంతకిస్తావనే. అంతకుమించి ఆయన దగ్గర తెలుసుకోవలసింది ఉంటుందని ఎవరికీ తోచలేదు. ఆయనకూ తోచలేదనుకోండి.

అలాంటిది ఒక ఆదివారం మనవరాలు మోహిని నోటుబుక్కు పట్టుకుని ఎదురుగా చతికిలబడింది. "తాతా, నీకాడ ఇంటర్వ్యూ తీసుకోవాల" అంది. యూనివర్సిటీలో జర్నలిజం చదివేవాళ్లు కొందరు తమ సెలవుల్లో ఊరి హైస్కూలుకు వచ్చి, తొమ్మిదో తరగతి పిల్లలకు వార్తలు రాయడం నేర్పుతున్నారు. వాళ్లలో టెక్కలి అమ్మాయి ఇవాంజెలిన్ పెద్ద. మీ ఊళ్లో ఒక మనిషిని ఎంచుకోండి, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది డొంకతిరుగుడు లేకుండా రాయండి అని చెప్పింది.

పోలయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. చెప్పడం మొదలుపెడితే ఇక ఆగితేనా! ఆ ఊపులో, తండ్రి తనకొక్కడికే చూపించిన చోటు కూడా చెప్పేశాడు. తండ్రి రోజుల్లో ఒడ్డున రెండు తాటిచెట్లు గుర్తు. అవి తుఫానుకు పడిపోయాక పోలయ్య కొత్త గుర్తులు కుదుర్చుకున్నాడు. బోటులోంచి చూస్తే నీళ్ల ట్యాంకు మహేంద్రగిరి కుడి భుజం కిందికి రావాలి, సెల్ టవరు సరుగుడు తోట చివర నిలవాలి. రెండూ కుదిరిన చోట మంచి ధర పలికే కోనాం చేపలు తిరుగుతాయి. సొంత అల్లుడికి కూడా చెప్పని ముక్క అది. వేరే బోటు కనబడితే చాలు, గేలం లాగేసి దారి తప్పినవాడిలా అటూ ఇటూ తిరిగి వచ్చేసేవాడు.

మోహిని ఒక్క ముక్క వదలకుండా రాసింది. బాగా రాసినవి ఊరివాళ్లందరూ చదవాలని ఇవాంజెలిన్ వాటిని చేపల వేలం జరిగే షెడ్డు గోడకు అంటించింది.

మర్నాడు మధ్యాహ్నం పోలయ్య షెడ్డుకు వెళ్లేసరికి, ఊరి వరసకు ఆయన్ని మావా అని పిలిచే జాలరి పైడిరాజు ఆ కాగితాన్ని పైకి చదువుతున్నాడు. చుట్టూ పదిమంది. నీళ్ల ట్యాంకు, కొండ భుజం, అన్నీ వినబడ్డాయి. పోలయ్యకు చదువు రాదు కాబట్టి, తాను ఏం చేశాడో ఆయనకు అది చెవిన పడ్డాకే తెలిసింది.

"రేపు వలలట్టుకుని అటే ఎల్దాం, మావా!" అన్నాడు పైడిరాజు నవ్వుతూ.

పోలయ్య వచ్చిన పని మరచి వెనుదిరిగాడు. కానీ ఇంటికి వెళ్లే దారిలో ఒక సంగతి గుర్తొచ్చి నెమ్మదించాడు. అక్కడ అడుగున రంపంలాంటి రాయి ఉంది. గేలానికి ఫరవాలేదు గానీ, వల వేస్తే పీలికలే. మోహినికి ఆ సంగతి చెప్పలేదు. రెండు వలలు చిరిగితే మూడోవాడు అటు తొంగిచూడడు. తన చోటు తనకే ఉంటుంది. ఆ ధీమాతో కడుపునిండా గంజన్నం తిన్నాడు.

సాయంత్రం మోహిని ఇవాంజెలిన్‌ను వెంటబెట్టుకుని వచ్చింది.

"తాతా, మోహిని రాసిందాన్లో తప్పేదైనా ఉందేటి? ఉంటే సెప్పీ, రేపే సరిసేసి అంటిస్తాం. నువ్వు సెప్పినావని నీ పేరు మీదే రాసింది కదా" అంది ఇవాంజెలిన్.

"తప్పేటీ నేదు" అన్నాడు పోలయ్య.

మోహిని ముఖం వెలిగిపోయింది. ఆ ముఖం చూడలేకపోయాడు ఆయన. రేపు వలలు చిరిగాక ఈ పిల్లను ఊరంతా ఏమంటుంది? చెప్పులు కూడా వేసుకోకుండా ఒడ్డుకు నడిచాడు. పైడిరాజు బోటులో వల సర్దుతున్నాడు.

"ఒరే, వల దించీ. ఆడ కింద రాయుంది. గేలాలు కట్టుకో. పోటు తగ్గినేళ ఎయ్యి, ఎర సిన్నది పెట్టు."

పైడిరాజు నోరు తెరిచాడు. "అదీ సెప్పీసినావేటి మావా! నీకింకేటి మిగిలింది?"

"మనవరాలు రాసిందాన్ని సగంలో ఒగ్గెయ్యనేను" అని కసిరి, వెనక వచ్చిన మోహినితో, "ఇదీ రాసుకో" అన్నాడు.

తెల్లారి పోలయ్య వెళ్లేసరికి అక్కడ నాలుగు బోట్లున్నాయి. నాలుగింటిలోనూ గేలాలే. పైడిరాజు తన బోటు పక్కకు జరిపి, "రా మావా, ఇటేపు కాళీ ఉంది!" అని కేకేశాడు.

తండ్రి చూపించిన చోట తనకు జరిగి చోటిస్తున్నారు. వెనక్కి పోదామనిపించింది పోలయ్యకు. అయినా ఆ ఖాళీలోకి బోటు తిప్పి గేలం వేశాడు.