పేరయ్య వెయ్యని పొగ

మామిడి పూతకు పురుగు పడితే నూజివీడు తోటల్లో తడిగడ్డి కాల్చి పొగ వేసేది పేరయ్యే. అందుకే నాటకాలకీ అతన్నే పిలిచేవారు. శివుడి వేషం కట్టే సీతాపతిరావు వరమిచ్చి మాయం కావాలంటే, తెరచాటున పేరయ్య నిప్పుల కుండలో సాంబ్రాణి చల్లి విసనకర్రతో విసరాల్సిందే.

అరవై రెండులో నాటకం మెచ్చిన జనం పేరయ్యనూ చూస్తామన్నారు. కండువా సర్దుకుని వేదికెక్కాడో లేదో, సీతాపతిరావు, వాడి చేతులు పడిపోను, మెడపట్టి కిందికి తోశాడు.

"కూలోడివి, నీకు స్టేజీ ఎందుకురా?"

భార్య దుర్గ చూస్తుండగానే అన్న ఆ మాట పేరయ్య గుండెలో ఏడాదంతా కణకణలాడింది.

మరుసటేడూ అదే నాటకం. పేరయ్య కుండ నిండా నిప్పులు రాజేశాడు. శివుడు వరమిస్తుండగా సాంబ్రాణి పొట్లం మొలలో దోపుకుని, జనంలోకొచ్చి దుర్గ పక్కన కూర్చున్నాడు.

"ఇక అంతర్ధానమవుతున్నాను," అని శివుడు చెయ్యెత్తాడు. పొగ రాలేదు. మళ్లీ అన్నాడు, మళ్లీ ఎత్తాడు. "పొగరా, పొగ!" అని పళ్లు కొరికితే మైకు ఊరంతటికీ వినిపించింది. జనం గొల్లున నవ్వారు.

పద్యం నచ్చితే అందరూ లేచి కేకేసినట్టే, పేరయ్య లేచి, గొంతు చించుకుని అరిచాడు.

"వన్స్ మోర్!"