అత్తమ్మ కోసం అల్లించిన తడక

మా అత్తమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి కొంచెం పక్కకు పోయింది. దవాఖాన నుంచి ఇంటికొచ్చాక ఆరు నెలలు వ్యాయామం చేయిస్తే కాలు దారికొచ్చింది. కర్ర పట్టుకుని నడవగలిగేది. మాట కూడా తిరిగొచ్చింది గాని ఒక్కో మాట దగ్గరా ఆగి, వెతుక్కుని, మళ్లీ అందుకునేది. రోజూ పొద్దున కాసేపు ఎండలో కూర్చోబెట్టమన్నారు డాక్టరు. ఆమె మాత్రం గడప దాటేది కాదు.

ఎల్బీ నగర్‌లో మా ఇంటి ముందు పది అడుగుల వెడల్పున తోట ఉంది. మల్లె, మందారం, బచ్చలి తీగ, ఒక బొప్పాయి, అన్నీ ఆమె పెంచినవే. తోటకూ వీధికీ మధ్య మోకాలెత్తు గోడ, దాని మీద ఇనుప గ్రిల్లు. ఇల్లు కట్టేటప్పుడు, కూర్చుంటే మనుషులు కనబడాలని గోడ ఎత్తు లేపనివ్వనిది ఆమే. ఇప్పుడు ఆ గ్రిల్లే ఆమెకు శత్రువైంది. దవాఖాన నుంచి వచ్చిన కొత్తలో, వారం తిరక్కముందే, బయట కుర్చీ వేసి కూర్చోబెట్టాను. ఎదురింటావిడ గుంటూరు వైపు మనిషి, నిజంగా ప్రేమ గలది. గ్రిల్లు పట్టుకుని, "పిన్నిగారూ, ఎలా ఉందండీ? అయ్యో, మూతి ఇంకా సరిగ్గా రాలేదేంటండీ!" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె వెనకే ఇంకో ఇద్దరు ఆగారు. అత్తమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని లోపలికి తీసుకుపొమ్మని సైగ చేసింది.

మంచం మీద కూర్చున్నాక అంది: "గంగిరెద్దును... జూసినట్టు... జూస్తుండ్రు."

గ్రిల్లుకు అడ్డుగా ఏదైనా కట్టాలనుకున్నాం. మా ఆయన మొదట ఆకుపచ్చ నెట్ తెచ్చి కట్టారు. అత్తమ్మ తలుపు దగ్గరే నిలబడి చూసి, "దవాఖాన... పరదా" అని వెనక్కి తిరిగింది. నిజమే, తోటంతా ఆ వార్డు రంగులోకి మారిపోయింది. విప్పేశాం. తర్వాత రేకులన్నారు. రేకు వేడికి మల్లె మాడిపోతుందని నేనే వద్దన్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చీరల షాపు పక్క సందులో ప్లాస్టిక్ ఆకుల కంచె అమ్ముతున్నారు. ఒక ముక్క తెచ్చి చూపించాను. చేత్తో తడిమి పక్కన పెట్టేసింది.

కొత్తపేట రైతుబజార్ నుంచి కూరగాయలు తెస్తూ ఒక పొద్దున రోడ్డు పక్కన బుట్టలు అల్లేవాళ్ల దగ్గర ఆగాను. యాభై దాటిన ఒకామె వెదురు బొంగును కత్తితో చీలుస్తోంది.

"తడక కావాలె అక్కా" అన్నాను.

"దేనికి? మేకలు రాకుంటనా, మనుషులు జూడకుంటనా?"

సంగతి చెప్పాను. ఆమె కత్తి కింద పెట్టింది.

"పెద్దమ్మ కుర్చీల కూసుంటే మొకం ఎంత ఎత్తుల ఉంటది?"

చేత్తో ఉజ్జాయింపుగా చూపించబోయాను.

"గా ఎత్తు కొలుసుకరా చెల్లె. గోడ కొలత తర్వాత."

ఇంటికి వచ్చి టేపు తీసి అత్తమ్మను కూర్చోబెట్టి కొలుస్తుంటే, "ఏంది... బొంద కొలుస్తున్నవా?" అంది. తనను పూడ్చే గొయ్యి మీదే అయినా, జబ్బు పడ్డాక ఆమె పరాచికం ఆడటం అదే మొదలు. నవ్వుతూనే కొలత కాగితం మీద రాసుకున్నాను.

మర్నాడు కొలత తీసుకుని వెళ్లాను. చుట్టలుగా చుట్టి పెట్టిన సన్నటి పుల్లల తడకలు చూపించి అవైతే వెంటనే కట్టెయ్యొచ్చు కదా అన్నాను. "చూడ మంచిగుంటయ్. రెండు వానలకు రాలిపోతయ్" అంది. అవి కూడా ఆమె అమ్మేవే. తర్వాత రెండు వెదురు బద్దలు నా చేతిలో పెట్టింది. ఒకటి బొంగు పైతోలు ఉన్నది, నున్నగా, గట్టిగా ఉంది. ఇంకోటి లోపలిది, మెత్తన. లోపలి బద్దకు తొందరగా పురుగు పడుతుందట. పైబద్దే ఖాయం చేసుకున్నాం.

ఆ వారంలోనే ఆమె, ఆమె భర్త ట్రాలీ ఆటోలో వెదురు వేసుకుని వచ్చారు. గుంజల మొదళ్లకు తారు పూసి పాతారు. చెదలు ఎక్కకుండా కింద ఒక ఇటుక ఎత్తు ఖాళీ వదిలారు. "ఈడ మన్ను పొయ్యకుండ్రి" అని రెండుసార్లు చెప్పింది. ఆ తర్వాత భర్త బద్దలు చీల్చి ఇస్తుంటే ఆమె అల్లడం మొదలుపెట్టింది.

అత్తమ్మ ముందు కిటికీలోంచి చూసింది. కాసేపటికి తలుపు దగ్గరికి వచ్చింది. టీ ఇచ్చి వచ్చేసరికి గడప అవతల కుర్చీలో ఉంది. వీధిలో జనం పోతూనే ఉన్నారు గాని ఆమె చూపంతా ఆ చేతుల మీదే.

"త...ప్పింది" అంది ఉన్నట్టుండి.

దప్పి అంటోందనుకుని మంచినీళ్ల కోసం నేను లేచాను. అల్లే ఆమె నన్ను చేత్తో ఆపి, అత్తమ్మ వైపు తిరిగింది. అత్తమ్మ పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. అల్లే ఆమె చేతిలో బద్ద పక్కన పెట్టి అత్తమ్మ నోటి వైపే చూస్తూ కూర్చుంది.

"మూడో... వరుస. పేక... తప్పింది."

అల్లే ఆమె తడక వైపు తిరిగి వేలితో లెక్కపెట్టింది. మూడో వరుసలో ఒక బద్ద కిందినుంచి పోవాల్సింది పైనుంచి పోయింది. ఫక్కున నవ్వింది. "నా కండ్లే మోసం జేసినయ్. నీకెట్ల ఎర్కైంది పెద్దమ్మా?"

పేక అంటే మగ్గం మీద అడ్డంగా పోయే నూలు. మా అత్తమ్మది పోచంపల్లి దగ్గర చేనేత ఊరు. పెళ్లి కాకముందు నుంచి, హైదరాబాద్ వచ్చేదాకా, ఆసు పోసేది. అంటే అర్ధచంద్రాకారంలో కొట్టిన మేకుల చుట్టూ రోజంతా చెయ్యి ఆడిస్తూ నూలు చుట్టడం. ఇప్పుడు ఒళ్లో కదలకుండా పడి ఉన్నది ఆ చెయ్యే. ఆ సంగతంతా అత్తమ్మ తనే చెప్పింది. నేను చెబితే రెండు నిమిషాలు. ఆమెకు అరగంట పట్టింది. అల్లే ఆమె ఒక్క మాట కూడా అందించలేదు, అత్తమ్మ ఆగిన చోటల్లా తనూ ఆగింది. షాపుకు టైమైపోతోందన్న తొందరలో ఈ ఆరు నెలలూ అత్తమ్మ మొదలుపెట్టిన ప్రతి మాటా నేనే పూర్తి చేస్తూ వచ్చాను. అది సాయమనే అనుకున్నాను. ఆ అరగంట గడప మీద కూర్చుని సిగ్గుపడ్డాను.

"అయితే రా, పట్టు" అని ఆమె ఒక బద్ద కొసను అత్తమ్మ ఎడమ చేతికిచ్చింది. అత్తమ్మ లాగి పట్టుకుంటే ఆమె దూర్చింది. రెండో రోజు వరుసను కిందికి దిగగొట్టి బిగించేటప్పుడు అత్తమ్మ ఎడమ చేత్తో కుడి చెయ్యి ఎత్తి తడక మీద పెట్టి, రెండు చేతులతోనూ నొక్కింది. బలం లేదు, వరుస కదల్లేదు. అల్లే ఆమె తన చెయ్యి పైన వేసి నొక్కింది.

కూర్చున్న మనిషి మొహం ఎత్తు దాకా అల్లిక దగ్గరగా ఉంది. ఆ పైన గాలీ వెలుతురూ రావడానికి పలచగా వదిలారు. లోపల కూర్చుంటే సందుల్లోంచి వీధి కనబడుతుంది, వీధిలోవాళ్లకు మాత్రం లోపల మనిషి కనబడదు. మూడో రోజు పొద్దున నేను వంటింట్లో ఉండగా కర్ర చప్పుడు వినబడింది. వెళ్లి చూస్తే అత్తమ్మ తనంతట తానే వెళ్లి మల్లె పక్కన కూర్చుని ఉంది, కొంగు మూతి మీద లేదు.

వారం తర్వాత తడక అవతల నుంచి ఎదురింటావిడ పలకరించింది. నేను బదులివ్వబోయి నోరు మూసుకున్నాను. "మంచిగనే... ఉన్న... బిడ్డా" అంది అత్తమ్మ. రెండు నెలలు పోయాక, "ఈడ... జర... తెరువు" అని గేటు వైపు ఒక చోటు చూపించింది. మాట్లాడేవాళ్ల మొహం తనకు సరిగా కనబడడం లేదట! అల్లినామెనే పిలిపించాం. రెండు జానల మేర బద్దలు కోసి, అంచులు మళ్లీ అల్లి, చిన్న కిటికీ చేసింది.

వానాకాలం వెళ్లేసరికి తడక బూడిద రంగుకు తిరిగింది. బొప్పాయి మూల చెప్పినా వినకుండా మేం మన్ను ఎగదోశాం, అక్కడ చెద పట్టింది. అల్లినామె వచ్చి మమ్మల్ని బాగా తిట్టి, మన్ను తీయించి, కింది వరుసలు కొత్తగా వేసింది. ఆ రోజు మా ఇంట్లోనే అన్నం తిన్నది. అత్తమ్మ ఎడమ చేత్తో ఆమెకు పచ్చిపులుసు వడ్డించింది, సగం ఆకు మీద, సగం నేల మీద పడింది. ఆమె విస్తరి కొంచెం దగ్గరికి జరుపుకుని, "ఇంకింత పొయ్యి పెద్దమ్మా" అంది.