ఇద్దరికి ఒక జత

కండక్టరుకు కుడికాలు పోయి మూడేళ్ళయింది. కొయ్యకాలు పెట్టించుకుని నెల్లాళ్ళు పెనుగులాడి, "దీన్ని మోసే బదులు చంక కర్రలే నయం" అని మంచం కిందికి నెట్టేశాడు. ఆ గొడవ అక్కడితో తీరింది. తీరనిది బూట్ల గొడవ. ఒంటి బూటు ఏ కొట్లోనూ అమ్మరు. కొన్నప్పుడల్లా జత కొనాలి, ఎడమది తొడుక్కోవాలి, కుడిది అటకెక్కించాలి. ఇప్పటికి నాలుగు చేరాయి, ఒక్కటీ నేల మొహం చూడలేదు. పారెయ్యమని భార్య పోరు. కొత్త వస్తువు పారెయ్యడానికి ఆయనకు చేతులు రావు.

ఇప్పుడు బస్సు డిపో వాళ్ళు ఆయన్ను విచారణ కౌంటర్లో వేశారు. సోమవారం చేరాలి. ఇన్నాళ్ళకు ఉద్యోగానికి వెళ్తూ అరిగిన బూటుతో వెళ్ళనని భీష్మించుకు కూర్చున్నాడు.

"కౌంటరు వెనక బూటు ఎవరు చూస్తారండీ?" అంది భార్య.

"నేను చూస్తాను."

వీధి చివర చెప్పులు కుట్టేవాడి దగ్గర ఈ మాటే వస్తే, అతను సూది ఆపాడు. "లెక్కల మాస్టారొకాయన ఉన్నారండి. ఆయనకి ఎడమకాలు లేదు. సైజు మీదే, తొమ్మిది."

ఆ సాయంత్రమే కండక్టరు అటక మీది బూట్లు దింపించి, సంచి మెడకు తగిలించుకుని మాస్టారింటికి వెళ్ళాడు. మాస్టారు సంచిలోకి చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఊరికే ఇచ్చేవి నాకొద్దండీ. ఈసారి కొనేటప్పుడు చెప్పండి, కలిసి కొందాం."

కండక్టరుకు చురుక్కుమంది. మనిషి నచ్చాడు కూడా. తానైనా అదే మాట అనేవాడు.

శనివారం ఇద్దరూ బూట్ల కొట్టుకు వెళ్ళారు. నిటారుగా ఉన్న మూడు మెట్లూ ఎక్కడం ఒక ఎత్తు, జత తేల్చుకోవడం ఒక ఎత్తు. కండక్టరుకు లేసులు లేని నల్లవి కావాలి. మాస్టారికి గోధుమరంగువి, లేసులు ఉండి తీరాలి.

"లేసులు కట్టుకుంటూ కూర్చుంటే బస్సు పోతుంది మాస్టారూ."

"బస్సు పోవడం చూస్తూ కూర్చునే ఉద్యోగమేగా మీది. నల్లదాని మీద నా సుద్దపొడి ఎలా కనబడుతుందో మీకేం తెలుసు?"

డబ్బాలు గుట్ట పడ్డాయి. ఎవరూ దిగిరాలేదు. సోమవారం తలుచుకుని కండక్టరుకు లోలోపల దిగులు పట్టుకుంది. అప్పుడు కొట్టు యజమాని కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు.

"మీలాంటివాళ్ళ దగ్గర డబ్బులేం తీసుకుంటానండీ. రెండు జతలూ ఊరికే పట్టుకెళ్ళండి."

"ధరెంత?" అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.

ఆ తర్వాత నిమిషంలో తేలిపోయింది. నలుపు, లేసులతో. చెరి సగం ఇచ్చి, చెరో బూటు తొడుక్కుని మెట్లు దిగారు.

సోమవారం కౌంటర్లో కూర్చుని బస్సుల వేళలు గడగడా చెబుతుంటే కండక్టరుకు ప్రాణం లేచొచ్చింది. మూడేళ్ళుగా దాచుకున్న గొంతంతా వాడేశాడు. మధ్యాహ్నం కిటికీ ముందు మాస్టారు ప్రత్యక్షమయ్యాడు.

"నాలుగింటి బస్సుందా?" అంటూ, బూటు కనబడేలా కాస్త వెనక్కి జరిగాడు.

కండక్టరు మెడ చాచి చూశాడు. బూటు తళతళలాడుతోంది, సుద్దపొడి జాడే లేదు. వంగి తన బూటు చూసుకున్నాడు. డిపో దుమ్మంతా దాని మీదే ఉంది.

ఇంటికి రాగానే పాలిష్ డబ్బా అడిగాడు.

"కౌంటరు వెనక ఎవరు చూస్తారండీ?" అంది భార్య మళ్ళీ.

"రెండోది ఊళ్ళో తిరుగుతోందే," అన్నాడు కండక్టరు, బ్రష్షు అందుకుంటూ. "జతన్నాక రెండూ ఒక్కలా ఉండొద్దూ?"