జపాను సన్యాసి గీయని మంచు

నా చిన్నప్పుడు ఒక ఎండకాలమంతా నాకు ఏడుపు రాలేదు. ఆ ఏడే జ్వరమొచ్చి మా అమ్మ పోయింది. నాకు పదేండ్లు.

జనగామలోని మా ఇంటికి వచ్చిన చుట్టాలందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. నేను వాళ్ల భుజాల మీదుగా గోడను చూస్తూ నిలబడేదాన్ని. అట్లనన్నా ఏడుస్తానని మా మేనత్త ఒకసారి నా చెయ్యి గిల్లింది. ఆ నొప్పి కూడా ఎక్కడో దూరంగా పుట్టినట్టనిపించింది. "రాయి లెక్క ఉన్నది పిల్ల. తల్లి మీద ప్రేమ లేదు" అని ఆమె వంటింట్లో అంటుంటే విన్నాను. నిజమే కాబోలు అనుకున్నాను.

మా బడి డ్రాయింగు సారు మా పక్కింట్లోనే ఉండేవారు. సెలవులు కాబట్టి పొద్దంతా అరుగు మీద కూర్చుని ఏదో ఒకటి గీసేవారు. ఒకరోజు నన్ను పిలిచి, తాను హైదరాబాదులో చదివినప్పుడు కొన్న పాత పుస్తకం తెరిచారు. అందులో మడతలు పెట్టిన కాగితం ఉంది. విప్పుతూ పోతే అరుగు పొడవునా పరుచుకుంది. మన దగ్గర కథ చెప్పేవాళ్లు విప్పే పటం లాంటిదే, కానీ రంగులు దాదాపు లేవు. నల్ల సిరాతో కొండలు, ఏర్లు, పడవలు.

వందల ఏండ్ల కింద జపానులో ఒక బౌద్ధ సన్యాసి వేసిన పటానికి నకలట అది. బొమ్మలు నేర్చుకోవడానికి ఆయన సముద్రం దాటి చైనా పోయాడు. అక్కడి పాత చిత్రకారుల పనితనం చూశాడు, కొండల్లో తిరిగాడు, తిరిగొచ్చి ముసలితనంలో దీన్ని గీశాడు.

"ఈ రాళ్లు గొడ్డలితోటి చెక్కినట్టు లేవూ? గా తీరు చైనావాళ్ల దగ్గర నేర్చిందే. గింత మొండి గీత మాత్రం ఈయనదే" అన్నారు సారు.

వసంతంతో మొదలైన పటం చలికాలంతో ముగిసింది. ఇండ్ల కప్పుల మీద మంచు.

"మంచు ఏ రంగుతోటి ఏసిండు, చెప్పు బిడ్డా?"

"తెల్లరంగు" అన్నాను. ఎన్ని రోజులకు నోరు తెరిచానో.

సారు నా చేతికి కుంచె ఇచ్చి, తెల్లకాగితం మీద ఒక ఇల్లు గీయించారు. కప్పును అట్లనే వదిలెయ్యమని, చుట్టూ ఆకాశానికి మాత్రం పలచగా సిరా పూయించారు. చూస్తుండగానే కప్పు మీద మంచు పడింది.

"ఆయన మంచు ఏయనే లేదు బిడ్డా. కాగితాన్ని ఇడిచిపెట్టిండు."

ఎందుకో నాకు అప్పుడే అడగాలనిపించింది. "సారూ, ఏడుపు రాకుంటే అమ్మ మీద ప్రేమ లేనట్టేనా?"

సారు కుంచె కడిగి పక్కన పెట్టారు. "మా బాపు పోయినప్పుడు నాకు గూడ రాలే. రెండేండ్లయినంక బస్సుల ఎవరో అచ్చం ఆయన లెక్కనే దగ్గిండు. గప్పుడొచ్చింది. అందాక ప్రేమ లేదనుకుంటమా?"

ఆ రోజు కూడా నేను ఏడవలేదు. ఇంటికి పోయి అన్నం తిన్నాను. వానలు వెనుకబట్టినాక ఒక పొద్దున, అమ్మ రాసే నూనెను నేనే తలకు రాసుకుంటుంటే వచ్చింది ఏడుపు.

నేను మాత్రం ఆనాటి నుంచి ఎవరినీ ఏడవమని అనలేదు. ఈ మధ్య మొగుళ్లపల్లిలో మా కోడలి తండ్రి పోయాడు. కళ్లు పొడిగా కూర్చున్న కోడలిపిల్లను "ఏడువు బిడ్డా, ఏడువు" అని నలుగురూ కుదుపుతున్నారు. పెద్దదాన్ని కదా, నా మాట వింటారు. "జర పిల్లను ఇడిచిపెట్టుండ్రి. వచ్చిననాడు వస్తది" అని అందరినీ వాకిట్లోకి పంపి ఆమె పక్కన కూర్చున్నాను. పొద్దు వాలే వేళకు నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది.